మాచిపత్రి సెగ, పడకపుండు

వినాయక చవితి పూజలో మనం వాడే మాచిపత్రికి చైనాలో దగ్గరి చుట్టం ఒకటి ఉంది. దాని ఆకును ఎండబెట్టి, దంచి, జల్లించి, ఈనెలన్నీ పోయాక మిగిలే దూదిలాంటి నూగును కాగితంలో బిగించి బొటనవేలంత లావు కడ్డీలు చుడతారు. కొస అంటిస్తే మంట లేకుండా లోలోపలే రాజుకుంటూ ఉంటుంది. దాన్ని ఒంటికి 2, 3 సెంటీమీటర్ల ఎడంగా పట్టుకుని, చర్మం ఎర్రబడేదాకా 10 నుంచి 15 నిమిషాలు సెగ తగిలిస్తారు. మాక్సిబషన్ అనే ఈ పద్ధతి చాలా పాతది. క్రీ.పూ. 168లో మూసిన మవాంగ్‌దుయి సమాధిలో 1973లో దొరికిన పట్టు ప్రతుల్లోనూ దీని ప్రస్తావన ఉంది. చైనా ఆసుపత్రుల్లో ఇప్పుడు పడకపుండ్లకు కూడా, కట్టు మార్చేటప్పుడు, పుండు చుట్టూ ఈ సెగ చూపిస్తున్నారు. పుండ్లు మానుతున్నాయని అక్కడి వైద్యులు రాస్తున్నారు. వాళ్లు చూసింది నిజమేనని నేను నమ్ముతున్నాను. అయితే ఆ మానడంలో సెగ వాటా ఎంత, సెగ పెట్టడం కోసం రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం వాటా ఎంత? ఇది తేలకుండా ఈ చికిత్సను మన ఇళ్లలోకి తెచ్చుకోవడం ప్రమాదమని నా వాదన.

పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, తుంటి విరిగిన పెద్దవాళ్లు, తాటిచెట్టు మీద నుంచో కడుతున్న భవనం మీద నుంచో పడి వెన్ను దెబ్బతిన్న యువకులు. మా దగ్గరికి వచ్చే పడకపుండ్లలో ఎక్కువ వీళ్లవే. నడుము కింది భాగంలో, మడమల మీద, తుంటి పక్కన ఎముక చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే కండకు రక్తం అందదు. చాలాసార్లు చావు మొదలయ్యేది లోపల, ఎముకను ఆనుకున్న కండలో. పైన రూపాయి బిళ్లంత నల్లమచ్చ మాత్రమే ఉండి, దాన్ని తొలగించాక లోపల పిడికిలి పట్టేంత గొయ్యి బయటపడటం పడకపుండ్లను చూసే వృత్తిలో ఉన్న మాలాంటివాళ్లందరికీ తెలిసిన సంగతే. 1961లో ఎక్స్‌టన్-స్మిత్, షెర్విన్ అనే బ్రిటిష్ పరిశోధకులు ఆసుపత్రిలోని వృద్ధులు రాత్రి నిద్రలో ఎన్నిసార్లు కదులుతున్నారో లెక్కపెట్టారు. రాత్రికి 20 సార్లకు మించి కదలని 10 మందిలో 9 మందికి పుండ్లు పడ్డాయి. 50 సార్లకు పైగా కదిలినవాళ్లలో ఒక్కరికీ పడలేదు. పడకపుండుకు ఎవరు ఏ వైద్యం చెప్పినా ఈ లెక్కను పక్కన పెట్టుకునే వినాలి.

సెగలో బలం లేదని నేను అనను. వేడి తగిలితే రక్తనాళాలు విప్పారుతాయి, గాయానికి ఆక్సిజన్ బాగా అందుతుంది. 1996లో పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిపై జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఆపరేషన్ సమయంలో ఒళ్లు చల్లబడకుండా కాపాడినవాళ్లలో 6 శాతానికి గాయం చీము పడితే, చల్లబడినవాళ్లలో 19 శాతానికి పట్టింది. మాక్సిబషన్‌ను సమర్థించేవాళ్లు ఇలాంటి ఫలితాలనే చూపిస్తారు, చూపించడం న్యాయమే. కానీ 1995లో పందుల మీద జరిగిన ఇంకో ప్రయోగం ఉంది. ఒకే ఒత్తిడిని 5 గంటల పాటు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పెట్టి చూశారు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏ నష్టమూ లేదు. 35 దగ్గర లోపలి కండ దెబ్బతింది. 45 దగ్గర చర్మం కూడా చచ్చిపోయింది. కణానికి వేడి పెరిగేకొద్దీ ఆకలి పెరుగుతుంది. ఒక డిగ్రీ పెరిగితే సుమారు 10 శాతం ఎక్కువ ఆక్సిజన్ కావాలి. నాళాలు తెరిచి ఉంటే పెరిగిన రక్తం ఆ ఆకలి తీరుస్తుంది. అవి ఒత్తిడికి మూసుకుపోయి ఉంటే అదే వేడి కణాన్ని తొందరగా చంపుతుంది. అంటే సెగ మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది ఆ చోట బరువు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మరి చైనాలో జరిగిన అధ్యయనాల మాటేమిటి? వాటిని చదివితే రెండు విషయాలు నన్ను ఆపుతాయి. చాలావాటిలో రోగులు కొద్దిమంది, సెగ ఎవరికి పెట్టారో పుండును కొలిచేవాళ్లకు తెలుసు. ఫలితాన్ని కూడా తరచూ పూర్తిగా మానినవాళ్లనూ కొంత మెరుగైనవాళ్లనూ ఒకే గంపలో వేసి ‘మొత్తం గుణం శాతం’గా చెబుతారు. కొంత మెరుగు అంటే ఎంత అన్నది చూసేవాళ్ల మనసును బట్టి ఉంటుంది. రెండోది ఇంతకన్నా ముఖ్యం. వెల్లకిలా పడుకున్న మనిషి నడుముకు ఎవరూ సెగ పెట్టలేరు. అతన్ని పక్కకు తిప్పాలి, వీపు వెనక దిండు పెట్టాలి, ఒక మనిషి పావుగంట పక్కనే కూర్చోవాలి. రోజూ ఇలా జరిగితే తడిసిన దుప్పటి కనిపిస్తుంది, ముడతపడిన పక్కబట్ట సర్దుతారు, తినలేదంటే గమనిస్తారు. సెగ పెట్టిన గుంపునూ పెట్టని గుంపునూ ఒకేలా రెండు గంటలకోసారి తిప్పుతున్నామని వాళ్లు రాస్తారు. నిజంగా ఎన్నిసార్లు తిప్పారో వార్డులో ఎవరు లెక్కపెట్టారు? అవతలి గుంపుకూ అంతే సేపు పక్కన మనిషి కూర్చుని, అంటించని కడ్డీని తిప్పి చూస్తే అప్పుడు సెగ వాటా బయటపడుతుంది.

ఎయిర్‌బెడ్ కొనలేని ఇంట్లో చవకగా దొరికే కాపడాన్ని ఎందుకు కాదంటారని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్న నాకు బరువైనది, ఎందుకంటే పడకపుండు ఎక్కువగా బాధించేది ఆ ఇళ్లనే. మన దగ్గర ఇసుక మూట, ఉప్పు మూట, వేడినీళ్ల సంచి ఎప్పటినుంచో ఉన్నాయి. నొప్పి తెలిసే మోకాలికి కాపడం పెడితే వేడెక్కువైనప్పుడు మనిషి కాలు లాక్కుంటాడు. వెన్ను తెగిన మనిషికి, చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారిన మనిషికి ఆ రక్షణ లేదు. 44 డిగ్రీల వేడి కూడా గంటల తరబడి ఒకేచోట ఆనితే చర్మం కాలుతుంది. చైనా వైద్యులకు ఇది బాగా తెలుసు. స్పర్శ లేని రోగికి సెగ పెట్టేటప్పుడు చూపుడు వేలినీ మధ్య వేలినీ ఆ చోటుకు అటూ ఇటూ ఆనించి, రోగికి తెలియని వేడిని తమ వేళ్లతో తెలుసుకుంటారు. ఆ రెండు వేళ్ల పట్ల నాకు గొప్ప గౌరవం. చికిత్సను ఎరువు తెచ్చుకునేవాళ్లు మాత్రం కడ్డీని తెచ్చుకుని వేళ్లను వదిలేస్తారు. 2014 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు వేడినీళ్ల సంచులు, హీటింగ్ ప్యాడ్లు చర్మం మీదగానీ పడకపుండు మీదగానీ నేరుగా పెట్టవద్దని చెప్పింది ఈ భయంతోనే. పాశ్చాత్య ఆసుపత్రులూ ఒకప్పుడు ఈ దారినే నడిచాయి. పుండును ఆరబెట్టాలని దాని మీద దీపాలు వెలిగించారు. 1962లో జార్జ్ వింటర్ పందుల గాయాల మీద పరీక్షించి, చెమ్మగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంటుందని చూపించాక ఆ ఆలోచన మారింది.

తెరుచుకున్న పుండు సంగతి అలా ఉంచి, ఇంకా పుండు పడని చోట ముందుజాగ్రత్తగా సెగ పెట్టడమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. పడకపుండు మొదటి దశ అంటే చర్మం చిట్లకుండా ఎర్రబడటం. వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉంటే లోపల నష్టం మొదలైనట్టు. మన నల్లని, చామనఛాయ ఒళ్ల మీద ఎరుపు సరిగ్గా కనిపించదు కాబట్టి, చుట్టూ ఉన్న చర్మం కన్నా ఆ చోటు వెచ్చగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడమని ఇంట్లోవాళ్లకు నేర్పుతాం. ఎర్రబడేదాకా సెగ పెట్టడమే చికిత్స అయితే, కంటికి కనిపించే గుర్తూ చేతికి తెలిసే గుర్తూ రెండూ సెగలో కలిసిపోతాయి. ఆ వెచ్చదనం కాపడానిదా, లోపల చస్తున్న కండదా అన్నది తర్వాతి గంటలో తడిమే కోడలికిగానీ నర్సుకుగానీ తెలిసే దారి ఉండదు. అందుకే ఎముక పొడుచుకొచ్చిన చోట్ల, పుండు పడకముందు, ఏ రూపంలోనూ కాపడం వద్దని చెబుతాను. ఆ పావుగంట మనిషిని పక్కకు తిప్పి, మడమ కింద ఏమీ ఆనకుండా పిక్క కింద దిండు పెట్టి, వీపంతా వెలుతురులో ఒకసారి చూడమంటాను.