గుండెకు తోడైన యంత్రము

నా రొమ్మునందు, ఎడమ మెడయెముకకు దిగువను, చర్మము క్రింద నొక చిన్న యంత్రము కలదు. దానిని పేస్‌మేకరు అందురు. అది అగ్గిపెట్టెకంటె పలుచనిది. బరువు 25, 30 గ్రాములు. ఈ సంగతి తెలిసిన నాటినుండి పదవ తరగతి విద్యార్థులు నన్ను కొంత భయముతోను, కొంత వేడుకతోను చూచుచున్నారు. "సార్, రాత్రి దానికి ఛార్జింగ్ పెడతారా?" అని యొకడు అడిగెను. అది నవ్వదగిన ప్రశ్న కాదు. మొట్టమొదటి యంత్రమును నిజముగానే వెలుపలినుండి ఛార్జి చేయవలసి యుండెను.

గుండె తనంత తానే కొట్టుకొనునని మనమందుము. దాని కుడి పైగదిలో నొక చిన్న కణజాలము కలదు. అది బడిలో గంట కొట్టు బంట్రోతు వంటిది. అది పంపిన విద్యుత్ప్రేరణ నడిమి ముడి గుండ క్రింది గదులకు చేరును. అవి ముడుచుకొని నెత్తురును దేహమంతటికిని నెట్టును. నిమిషమునకు 72 మారులనుకొన్నను, దినమునకు లక్షకు పైగా గంటలు! నా విషయమున బంట్రోతు గంట కొట్టుచునే యుండెను. క్రింది తరగతులకు మాత్రము అది వినబడుట మానెను. అవి తమకు తోచినట్లు నెమ్మదిగా నడచుచుండెను. నాడి 36కు దిగెను. మెట్లెక్కినచో కన్నులు చీకట్లు క్రమ్మెడివి. ఒక యుదయమున నల్లబల్ల యొద్దనే కూలబడితిని.

బెంగుళూరులో వైద్యులు పటము గీచి యింగ్లీషున చెప్పిరి. నర్సు కన్నడమున చెప్పెను. నా భార్య హోసూరు ప్రక్క పల్లెలో పుట్టినది. కన్నడ తమిళములు ఆమెకు బజారు బేరములకు సరిపడునంతయే వచ్చును. సంతకము చేయవలసిన కాగితములో తెలుగక్షరమొక్కటియు లేదు. "ఏమండీ, గుండె కోసి ఇనుము పెడతారా? వద్దండీ, ఇంటికి పోదాం" అని యామె నా చేయి పట్టుకొనెను. అప్పుడు మంచముపై కూర్చుండి యీ బంట్రోతు కథయే యామెకు చెప్పితిని. గుండెను కోయరు. సన్నని తీగను సిర గుండ గుండెలోనికి దింపి, రెండవ కొనను చర్మము క్రింది యంత్రమునకు తగిలింతురు. మత్తు ఆ చోటికి మాత్రమే యిత్తురు. ఆమెకు తెలుగున చెప్పకున్నచో నాకును సగమే బోధపడియుండెడిది. ఆమె కొంతసేపూరకుండి, "మరి కరెంటు పోతే?" అనెను. ఆ ప్రశ్నను వైద్యులకు అందించితిని. బ్యాటరీ దానిలోనే యుండుననియు, ఎనిమిది పదియేండ్లు వచ్చుననియు, అది తరిగిపోవుట ముందుగనే పరీక్షలో తెలియుననియు వారు ఓపికతో చెప్పిరి. అటుపిమ్మట సంతకము చేసితిని, తెలుగులోనే.

ఆస్పత్రిలోనున్న దినములలో ఆర్నే లార్సన్ అను స్వీడను దేశస్థుని గూర్చి చదివితిని. 1958లో ఆయనకు 43 ఏండ్లు. దినమునకు 20, 30 మారులు స్మృతి తప్పుచుండెను. ఆయన భార్య ఎల్సె మారీ శస్త్రవైద్యుడైన ఓకె సెన్నింగును, ఇంజనీరగు రూనె ఎల్మ్‌క్విస్టును పట్టి విడువలేదు. మనుష్యుని దేహములో నుంచదగిన యంత్రమింకను సిద్ధముగా లేదన్నను ఆమె వినలేదు. ఎల్మ్‌క్విస్టు రెండు ట్రాన్సిస్టర్లతో నొక యంత్రమును కూర్చి ఎపాక్సీలో పోతపోసెను. 1958 అక్టోబరు 8వ తేదీన కరోలిన్‌స్కా ఆస్పత్రిలో సెన్నింగు దానిని అమర్చెను. కొన్ని గంటలకే యది యాగిపోయెను, రెండవదానిని పెట్టిరి. లార్సన్ తన జీవితమున ఇరువదికి పైగా యంత్రములు మార్చుకొని, 2001లో 86వ యేట, వేరొక జబ్బుతో మరణించెను. ఆయనను బ్రతికించిన యా యిద్దరును ఆయనకంటె ముందే పోయిరి. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చినది ఎల్సె మారీ. నేను చదివిన వ్యాసము ఆమెకు రెండు వాక్యములే యిచ్చినది.

గుండె మందగించుట గాక, గతి తప్పి అదరునప్పుడు వేరొక యంత్రము కావలెను. అది విద్యుద్ఘాతమిచ్చి దానిని దారికి తెచ్చును. 1980లో అమెరికాలోని బాల్టిమోరున దానిని తొలుత మనుష్యునికి అమర్చిరి. నాకది యవసరము కాలేదు.

నా యంత్రమున కొక మంచి గుణము కలదు. గుండె తనంత తాను కొట్టుకొనుచున్నచో వినుచు నూరకుండును, ఆలస్యమైనప్పుడే పలుకును. ఉపాధ్యాయుల సమావేశములలో ఈ గుణము నాకు తరచు గుర్తు వచ్చును.

సెల్‌ఫోనును కుడిచెవికే పెట్టుకొందును. ఎడమ జేబులో నుంచను. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరమున నుందును. ఇంకొక నియమము కలదు. నేను పోయినపుడు దహనమునకు ముందే దీనిని తీసివేయవలయును. లేనిచో వేడికి బ్యాటరీ ప్రేలును. పెద్ద కుమారునితో ఈ మాట చెప్పబోగా వాడు లేచిపోయెను. అందుచే దానిని కాగితముపై వ్రాసి, యంత్రపు కార్డుతో కూడ బీరువాలో నుంచితిని.