చార్మినార్ రూపాయి... ఏ గల్లీలో ఎంత?

నాణెం ఒక్కటే. గుల్జార్ హౌజ్‌లో దానికో ధర, లాడ్ బజార్‌లో మరో ధర, వేలంపాటలో ఇంకో ధర! ఎందుకలా? పాత నాణేల వ్యాపారం గుట్టు తెలియాలంటే హైదరాబాద్ గల్లీల్లో ఓ వెండి రూపాయి వెంట నడవాల్సిందే.

చార్మినార్‌ని చూడాలంటే పాతబస్తీకే వెళ్లక్కర్లేదు. నాన్నమ్మ ట్రంకుపెట్టె అడుగున వెతికినా కనిపించొచ్చు. నిజాం కాలంలో చలామణీ అయిన హాలీ సిక్కా రూపాయి మీద ఉండేది ఆ కట్టడమే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1903 ప్రాంతంలో యంత్రాలతో ముద్రించిన నాణేల మీదకు చార్మినార్ బొమ్మ ఎక్కింది. దాని ద్వారంలోకి ఓసారి తేరిపార చూడండి. బుల్లి అక్షరం ఒకటి ఉంటుంది. ‘మీమ్’ అయితే అది మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు బ్రిటిష్ రూపాయలు వచ్చేవి. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక కూడా కొన్నేళ్లపాటు ఈ డబ్బు నడిచింది. 1959తో దాని చెల్లుబాటు పోయింది.

అలా చెల్లని కాసు అయిపోయిన రూపాయికి ఇప్పుడు వేలల్లో ధర పలుకుతోంది. ఆ ధర ఎవరు నిర్ణయిస్తారు, లాభం ఎవరి జేబులోకి వెళ్తుంది... అదే అసలు కథ.

గుల్జార్ హౌజ్: తూకం ధర

చార్మినార్ నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే గుల్జార్ హౌజ్. చుట్టూ వెండి, ముత్యాల దుకాణాలు. ఇంట్లో అవసరం పడి పాత రూపాయి తీసుకొచ్చిన వారు ముందుగా వచ్చేది ఇలాంటి చోటుకే. ఇక్కడ రాజుతో, తేదీతో పనిలేదు. త్రాసు చెప్పిందే మాట.

హాలీ సిక్కా రూపాయి బరువు 11.18 గ్రాములు. అందులో వెండి నూటికి దాదాపు 82 పాళ్లు, అంటే 9 గ్రాముల పైచిలుకు. లెక్క కోసం గ్రాము వెండి 200 రూపాయలనుకుంటే రూపాయిలోని వెండి విలువ 1,800 దాటుతుంది. తరుగు కింద కొంత కోసి 1,700 చేతిలో పెడతారు. 1940ల్లో యుద్ధం రోజుల్లో ముద్రించిన హాలీ రూపాయిల్లో మాత్రం వెండి సగమే. బొమ్మ అదే, బరువు అదే అయినా విలువ 1,100 దగ్గర ఆగిపోతుంది. తేడా చెప్పేది చార్మినార్ కింద చెక్కిన హిజ్రీ సంవత్సరమే. 1330 అని ఉంటే 1911-12 అన్నమాట.

నాణెం ధరకు ఇదే నేల మట్టం. ఇంతకన్నా తక్కువకు ఎవరు అడిగినా ఇవ్వక్కర్లేదు. కానీ ఇక్కడ అమ్మిన రూపాయి తిరిగి రూపాయిగా కనిపిస్తుందన్న నమ్మకం లేదు. కొలిమిలోకి వెళ్తే పట్టీలుగానో, గిన్నెగానో మారిపోతుంది.

జుమేరాత్ బజార్: లాటు ధర

మూసీ దాటి పురానాపూల్ వైపు వెళ్తే జుమేరాత్ బజార్. జుమేరాత్ అంటే గురువారం. ఆ రోజు ఇక్కడ పరిచే పాత సామాన్లలో తుప్పుపట్టిన తాళాలు, ఆగిపోయిన గడియారాలు, గ్రామఫోను ముక్కలతోపాటు ఓ గుడ్డ మీద నాణేల కుప్ప కూడా కనిపిస్తుంది. మధ్యలో చిల్లున్న పైసలు, అరిగిపోయిన అణాలు, అక్కడక్కడా ఓ వెండి మెరుపు.

నాణేల వ్యాపారి ఒక్కో కాసును బేరమాడడు. కుప్ప మొత్తానికి ఓ మాట చెప్పి ఎత్తేస్తాడు. అదే ‘లాటు’. వాళ్ల లాభం అమ్మేటప్పుడు కాదు, కొనేటప్పుడే పుడుతుంది. ఎలాగంటే... ఒకరి దగ్గర వంద వెండి రూపాయిల లాటు దొరికిందనుకుందాం. ఒక్కోటి 1,700 చొప్పున మొత్తం 1,70,000. ఇంటికి తెచ్చి భూతద్దంతో ఏరితే తొంభై అయిదు మామూలువి. అవి 2,000 చొప్పున అమ్ముడైతే వాటి మీద మిగిలేది 28,500. మిగతా అయిదూ అరుదైన తేదీవి. 8,000 చొప్పున పోతే వాటి మీద లాభం 31,500. తొంభై అయిదు కాసులు ఇచ్చిన దానికన్నా అయిదు కాసులు ఇచ్చిందే ఎక్కువ! ఆ అయిదూ ఏవో అమ్మినవారికి తెలియదు, కొన్నవారికి తెలుసు. ఈ వ్యాపారానికి పెట్టుబడి డబ్బు కన్నా ముందు ఆ తెలివిడే.

అలాగని వ్యాపారిది ఊరికే వచ్చే సొమ్మూ కాదు. అరుదైన నాణేనికి గిరాకీదారు రేపే రావచ్చు, అయిదేళ్లయినా రాకపోవచ్చు. అన్నాళ్లూ డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. లాటులో నకిలీ పడితే ఆ నష్టం తనదే.

లాడ్ బజార్: ముచ్చట ధర

మళ్లీ చార్మినార్ దగ్గరకొస్తే పడమటి వైపు గాజుల మిలమిల. లాడ్ బజార్ గాజులకే కాదు, పాత వస్తువుల దుకాణాలకూ దారి చూపిస్తుంది. ఇక్కడ కొనేవారిలో ఎక్కువమంది ఊరు చూడటానికి వచ్చినవాళ్లు. చార్మినార్ ముందు నిలబడి చార్మినార్ బొమ్మున్న రూపాయి కొనుక్కోవడం ఓ ముచ్చట. ఆ ముచ్చటకూ ధర ఉంటుంది. వెండి విలువ మీద ఎంత వేయాలన్నది కొనేవారి ముఖం చూసి తేలుతుంది. బేరమాడితే తగ్గుతుంది, ఆడకపోతే లేదు.

జాగ్రత్త పడాల్సిందీ ఇలాంటి బజార్లలోనే. పాత నాణేల పేరుతో పోత పోసిన కొత్త బిళ్లలు అన్ని ఊళ్లలోనూ తిరుగుతున్నాయి. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోనంత మాత్రాన వెండి అనీ కాదు, తూకం కూడా కలవాలి. చిన్న డిజిటల్ త్రాసు ఉంటే సగం మోసాలు అక్కడే తేలిపోతాయి.

ప్రదర్శన హాలు: భూతద్దం ధర

ఏడాదిలో ఏదో ఓ వారాంతం నగరంలో నాణేల ప్రదర్శన జరుగుతుంది. హాలు నిండా బల్లలు, ఆల్బమ్‌లు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అంతా ఆరితేరినవాళ్లే. ఇక్కడ ‘ఇది ఎంత పాతది’ అని ఎవరూ అడగరు. ‘ఎన్ని మిగిలాయి, ఎలా ఉంది, ఎంతమందికి కావాలి’... ఈ మూడే ప్రశ్నలు.

పాతదైతే ఖరీదన్నది చాలామంది భ్రమ. 1862 అని ముద్రించిన విక్టోరియా రూపాయిని చూడండి. ఆ తేదీని మార్చకుండా 1874 వరకూ అదే వేసి ముద్రించారు. అందుకే కుప్పలుగా దొరుకుతుంది. అంతకన్నా 77 ఏళ్లు చిన్నదైన 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి కోసం మాత్రం సేకర్తలు ఎగబడతారు. చలామణీలోకి వచ్చింది చాలా తక్కువ మరి! ఆ గిరాకీ చూసి వేరే ఏడాది రూపాయిలో చివరి అంకెను చెక్కి 9 చేసే ఘనులూ ఉన్నారు. మన హాలీ రూపాయిల్లోనూ అంతే. ఉస్మాన్ అలీఖాన్ తొలినాళ్ల కాసుల్లో ద్వారంలోని ‘ఐన్’ సగమే కనిపించే రకమూ, పూర్తిగా కనిపించే రకమూ వేర్వేరుగా లెక్కకొస్తాయి. మామూలు కంటికి రెండూ ఒకటే.

ఇక రెండోది, నాణెం స్థితి. వెండి మీద కాలం పట్టించిన నలుపును సేకర్తలు ఇష్టపడతారు. మనమేమో పండగ రాగానే చింతపండు, విభూతి పెట్టి తళతళా తోమేస్తాం. వరలక్ష్మీ వ్రతం కలశంలో వేసిన రూపాయి ఏటా ఇలా స్నానం చేసి చేసి ముఖం అరగ్గొట్టుకుంటుంది. లంబాడీ నగల్లో కుట్టినవి, కాసులపేరు కోసం కొక్కెం అతికించినవి చూడటానికి ఎంత అందంగా ఉన్నా నాణేల బల్ల మీద వాటికి వచ్చేది దాదాపు తూకం ధరే. అదే రూపాయి తాకని పువ్వులా ఉంటే ఎన్నో రెట్లు పలుకుతుంది.

వేలం: పంతం ధర

మరీ అరుదైనవి బల్లల మీదకు రావు. ముంబయి, బెంగళూరుల్లోని వేలం సంస్థల కేటలాగుల్లోకి వెళ్తాయి. అక్కడ ఇద్దరు సేకర్తల మధ్య పంతమే ధర. ఉదాహరణకు పాట 10,000 దగ్గర ఆగిందనుకుందాం. సంస్థ అమ్మినవారి నుంచి 10 శాతం తగ్గించి 9,000 ఇస్తుంది. కొన్నవారి నుంచి 15 శాతం కలిపి 11,500 తీసుకుంటుంది. రెండు చేతులా కలిపి సంస్థకు మిగిలేది 2,500. పేపర్లో ‘ఫలానా నాణెం లక్షలు పలికింది’ అని చదివినప్పుడు ఆ మొత్తం అమ్మినవారికి చేరిందనుకోకూడదు.

నాణెం వెనకున్న చరిత్రకూ ధర ఉంటుంది. జహంగీర్ 1613లో ఆగ్రాలో ముద్రించిన దాదాపు 12 కిలోల బంగారు మొహర్ నిజాం కుటుంబం దగ్గర ఉండేదని చెబుతారు. 1987లో అది జెనీవా వేలంలో ప్రత్యక్షమైంది. అలాంటి దాన్ని తూకానికి కొనాలని ఎవరనుకుంటారు!

నష్టం ఎవరికి?

తెలియకపోవడం వల్ల మనవాళ్లు రెండు రకాలుగా నష్టపోతున్నారు. విలువైనదాన్ని తూకానికి అమ్ముకునేవారు ఒకరు. విలువ లేనిదాన్ని లక్షలనుకుని మోసపోయేవారు మరొకరు. ‘మీ అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అంటూ ఫోన్లు చేస్తారు. తన పేరు వాడుకుంటూ ఇలా కమీషన్లు అడుగుతున్నారనీ, పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధమే లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. సీతారాముల బొమ్మ వేసి ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసిన బిళ్లలు కంపెనీ ముద్రించినవి కావు. బియ్యపు గింజల్ని లాగే నాణెమంటూ సాగే ‘రైస్ పుల్లింగ్’ పచ్చి మోసం.

చట్టాలూ తెలుసుకోవాలి. పొలం దున్నుతుంటే లంకెబిందె దొరికితే పది రూపాయల విలువ దాటినా 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిందే. వందేళ్లు దాటిన నాణేలను సొంతంగా దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉన్న మనవరాలికి గుర్తుగా 1912 నాటి రూపాయిని సూట్‌కేసులో పెట్టి పంపాలనుకునే నాన్నమ్మలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సైఫాబాద్: చివరి మజిలీ

ఇన్ని ధరలు విన్నాక ఏ ధరా లేని చోటు ఒకటి చూడాలి. సైఫాబాద్‌లోని పాత టంకశాల. 1903 నాటి ఈ ఆవరణలో ఒకప్పుడు చార్మినార్ రూపాయిలు పుట్టాయి. 1997లో ముద్రణ చర్లపల్లికి తరలిపోయాక కొన్నేళ్లు మూగబోయిన ఈ భవనంలో 2022 జూన్‌లో మ్యూజియం తెరిచారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలోనూ శాతవాహనుల నుంచి నిజాంల దాకా నాణేలున్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే మన జేబులోని రూపాయి మీద తేదీ కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌దని, వజ్రం ఆకారం ఉంటే ముంబయిదని, చుక్క ఉంటే నోయిడాదని, ఏమీ లేకపోతే కోల్‌కతాదని చెప్పి చూపించొచ్చు.

ఇక నాన్నమ్మ రూపాయి సంగతంటారా? తోమకండి. అంచులు పట్టుకుని తూకం వేయండి, తేదీ చదవండి, రెండు వైపులా ఫొటో తీయండి. కనీసం ముగ్గురు వ్యాపారుల్ని అడగండి. అప్పుడు అమ్మాలో, దాచుకోవాలో మీకే తెలుస్తుంది. నలుగురు చెప్పే ధరల్లో మీ ఇంటి జ్ఞాపకం ధర ఎవరూ కలపరు. ఆ లెక్క మాత్రం మీరే వేసుకోవాలి.