అరచేతిలో వైకుంఠం

పిల్లలున్న ఇళ్లలో తగవులకేం కొదవ చెప్పండి? కిటికీ పక్క సీటు కోసం ఒకటి, టీవీ రిమోటు కోసం ఒకటి, గిన్నెలో మిగిలిన ఆఖరి బొబ్బట్టు కోసం ఇంకొకటి. ఇవన్నీ తరతరాలుగా నడుస్తున్నవే. ఈ మధ్య వీటికి ఇంకోటి తోడయ్యింది. టీవీకి తగిలించి ఆడే పెద్ద పెద్ద వీడియో గేములను సెల్‌ఫోన్లలోకి దింపుతున్నారు కదా, అలా దింపినవి అసలు ఆటలేనా, కాదా అని! మీ ఇంటికి ఈ తగవు ఇంకా రాలేదంటే కంగారు పడకండి. సెలవులకి చుట్టాల పిల్లల్ని రానివ్వండి, దానంతటదే వస్తుంది.

మాకు అది సంక్రాంతికి గోనెగండ్లలో వచ్చింది. గోనెగండ్ల మా అత్తగారి ఊరు. కర్నూలు జిల్లాలో పడమటి వైపు, ఎమ్మిగనూరుకి దగ్గర. హంద్రీ మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు ఈ మండలంలోదే అయినా, మా వాళ్ల పొలానికి మాత్రం ఆకాశమే దిక్కు. మా బావగారి అబ్బాయి ఎమ్మిగనూరులో డిగ్రీ చదువుతున్నాడు. మా ఆడపడుచు కొడుకు బెంగళూరులో ఇంజనీరింగు. వాళ్లింట్లో టీవీ కింద ప్లేస్టేషన్ ఉంది. దాన్ని కన్సోల్ అనాలట. మా గోనెగండ్ల పిల్లలు మాత్రం సుబ్బరంగా డబ్బా అంటారు.

"దీన్ని ఆటంటావేంట్రా? బొమ్మ సగం నీ బొటనవేళ్ల కిందే ఉంది" అన్నాడు బెంగళూరు వాడు.

"నీకు డబ్బా ఉండాది, ఆడుకుంటాండావు. నాకుండేది ఇదే. మాది ఆట గాదంటే ఎట్లప్పా?" అన్నాడు మావాడు. అని ఊరుకున్నాడా? "చిన్నమ్మా, నువ్వు చెప్పు" అంటూ నా వైపు తిరిగాడు.

నవలలు రాసే ఆవిడకి అన్నీ తెలుస్తాయని పిల్లల నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం ఎందుకని, రెండు రోజులు వాళ్ల పక్కనే కూర్చుని చూశాను. ఇంటికొచ్చాక అవీ ఇవీ చదివాను కూడా.

చదివితే తేలిందేమిటంటే, ఒకచోట పుట్టిన ఆట ఇంకోచోటికి కాపురానికి వెళ్లడం ఇవాళ్టి సంగతి కాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన ఎలెక్ట్రానికా 60 అనే కంప్యూటరు మీద టెట్రిస్ తయారుచేశాడు. పైనుంచి రాలే ముక్కల్ని సందు లేకుండా పేర్చడం, అంతే ఆట. 1989లో జపాను కంపెనీ నింటెండో గేమ్ బాయ్ అనే చేతిపెట్టె తెచ్చింది. అమెరికాలో ఆ పెట్టెతో పాటే టెట్రిస్‌ని కూడా ఇచ్చింది. ఇక చూసుకోండి, పుట్టింట్లో కంటే అత్తారింట్లోనే ఆ పిల్లకి ఎక్కువ పేరొచ్చింది! మనందరం ఆడిన పాము ఆట మాత్రం? 1976లో నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెల్లో దాని పూర్వీకురాలు ఉండేది. 1997లో నోకియా 6110తో చేతి ఫోనులోకి వచ్చింది. పప్పు ఉడికేలోగా ఒక ఆట ఆడుకున్న వాళ్లం మనలో ఎందరు లేరు? అంతెందుకు, మన పచ్చీసే ఇంగ్లండు వెళ్లి, 1896లో లూడో అనే పేరుతో పేటెంటు పుచ్చుకుని తిరిగొచ్చింది. 2016లో లూడో కింగ్‌గా ఫోనెక్కి, 2020 లాక్‌డౌన్‌లో ఇల్లిల్లూ తిరిగింది. దాన్ని "అసలు ఆట కాదు" అని మన అమ్మమ్మలెవరూ అన్నట్టు లేదు.

అయితే బెంగళూరు వాడి మాటలో నిజం లేదా అంటే, ఉంది. డబ్బాతో వచ్చే చేతిపట్టుకి డజనుకి పైగా మీటలుంటాయి. కళ్లు టీవీ మీదే ఉన్నా వేళ్లకి వాటి చోటు తెలుస్తుంది. చీకట్లో పోపుల డబ్బాలో ఆవాలెక్కడున్నాయో మన చేతికి తెలిసినట్టు. ఫోనులో ఆ మీటలు ఉత్త బొమ్మలు. నున్నటి అద్దం మీద వేలికి ఏమీ తగలదు. పైగా చూడాల్సిన బొమ్మనే వేలు కప్పేస్తుంది. మావాడు ఆడే వైస్ సిటీ 2002లో ప్లేస్టేషన్ 2 కోసం పుట్టి, 2012 డిసెంబరులో ఫోనుకి వచ్చింది. (అది పెద్దవాళ్ల ఆట సుమండీ. కొట్లాటలూ, కార్లు ఎత్తుకుపోవడాలూ నిండా ఉంటాయి. బడిపిల్లల చేతికి ఇవ్వకండి.) కారు మలుపు తిప్పబోయి మావాడు ఎన్ని కరెంటు స్తంభాలు కూల్చాడో లెక్కే లేదు!

మరి బాగా దిగిన ఆటలు ఎట్లా దిగాయి? అక్కడే ఉంది కిటుకు. నింటెండో వాళ్లకి 1985 నాటి మారియో ఉంది కదా, దాన్నే ఫోనులో కుక్కేసి ఊరుకోవచ్చు. కానీ 2016లో వాళ్లు ఫోను కోసం వేరే మారియోను చేశారు. అందులో అతగాడు తనంతట తనే పరుగెత్తుతాడు, మనం వేలితో తడితే గెంతుతాడు. ఒక్క చేత్తో ఆడుకోవచ్చు, రెండో చేత్తో బస్సులో కమ్మీ పట్టుకోవచ్చు. 2017లో కంప్యూటర్లలో పుట్టిన పబ్జీ 2018లో ఫోనుకి వచ్చేటప్పుడు కూడా మార్పులు చేశారు. ఎదుటివాళ్ల అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో చిన్న పటం మీద కంటికి కనబడేట్టు పెట్టారు, ఎదుటివాళ్లలో కొందరిని కంప్యూటరే ఆడించేట్టు చేశారు. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం దాన్ని నిషేధించేలోగా అది చేరని పల్లె లేదనిపించింది.

డబ్బు సంగతి కూడా చూడాలి. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. ఆట ఒక్కొక్కటీ దాదాపు అయిదు వేలు. పత్తి మీద బతికే ఇంట్లో ఆ లెక్క ఎవరు వేస్తారు? ఫోను ఎలాగూ కొనాల్సిందే, అందులోనే ఆటా వస్తోంది. ఇదే కదా మావాడి వాదం. కానీ తమాషా వినండి. 2023లో ఐఫోన్ 15 ప్రో వచ్చినప్పుడు, డబ్బా ఆటల్ని ఉన్నవున్నట్టు ఇందులో ఆడుకోవచ్చని యాపిల్ కంపెనీ గొప్పగా చెప్పింది. రెసిడెంట్ ఈవిల్ లాంటి పెద్ద ఆటలు అలాగే వచ్చాయి. ఆ ఫోను ధర ఎంతనుకున్నారు? 1,34,900 నుంచి మొదలు! డబ్బా కొనలేనివాడి కోసం డబ్బా ఆటను ఫోనులో పెట్టారని మనం సంతోషించబోతే, ఆ ఫోను డబ్బులతో రెండు డబ్బాలు కొని ఇంకా చిల్లర మిగుల్చుకోవచ్చు. అరచేతిలో వైకుంఠం చూపించడం అంటే ఇదే కాబోలు. మావాడి ఫోనులో నడిచేవి పదేళ్ల కిందట దిగిన పాత ఆటలే.

మావాడి ఫోను అన్నానా? వాడిది కాదు, అది ఇంటి ఫోను. మా బావగారి దగ్గర మీటల ఫోనొకటి ఉంది గానీ, టచ్ ఫోను ఇంటి మొత్తానికి ఒక్కటే. కాలేజీ కబుర్లూ, బ్యాంకు ఓటీపీలూ, పత్తి ధరలూ అన్నీ దాంట్లోకే. సంక్రాంతి వెళ్లిన మర్నాడు ఆదోని మార్కెట్ నుంచి కమీషన్ ఏజెంటు ఫోన్ చేశాడు, ఇవాళ ధర బాగుంది, సరుకు తెచ్చేయమని. ఆ క్షణాన మావాడు పోలీసుల్ని తప్పించుకుని కారులో దూసుకుపోతున్నాడు. కాల్ కట్ చేశాడు. సంగతి రాత్రికి గానీ తెలియలేదు. మర్నాటికి ధర దిగిపోయింది.

మా బావగారు కేకలు వేయలేదు. "అసలు ఆటో, నకలు ఆటో మీరు మీరు తేల్చుకోండి. మన పత్తి మాత్రం అసలుదే" అన్నారంతే. పిల్లాడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. టీవీ కింద కూర్చునే డబ్బాకి ఈ బాధ లేదు. దానికి ఫోన్లు రావు. కూర్చుని ఆడటానికి చేసిన ఆటకి ఒక గది, ఒక గంట, ఒక పని కావాలి. ఆ గంటని పది పనులున్న ఫోనులోకి తెస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది.

ఇంతవరకూ మగపిల్లల వాదనలే విన్నాం. వాడి చెల్లెలు ఇంటర్ చదువుతోంది, ఆ పిల్లని ఎవరూ అడగనే లేదు. దసరాకి బెంగళూరు వెళ్తే అక్కడ చేతిపట్లు రెండు, మగపిల్లలు ఇద్దరు. ఈ పిల్ల పదిరోజులూ వెనక నిలబడి చూసిందట. గోనెగండ్లలో రాత్రి గిన్నెలు కడిగేశాక ఫోను దాని చేతికొస్తుంది. చెవిలో వైరు పెట్టుకుని స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట ఆడుతుంది. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు ఒక్కడే నాలుగేళ్లకి పైగా కూర్చుని చేసిన ఆట అది. 2016లో కంప్యూటర్లకీ, ఆ ఏడాది చివర డబ్బాలకీ, 2019లో మనబోటివాళ్ల ఫోన్లకీ వచ్చింది. పాడుబడ్డ పొలం బాగుచేసి విత్తనాలు నాటడం, కోళ్లనీ ఆవుల్నీ పెంచడం.

"పొద్దంతా చేసే సేద్యం సాలదా? ఫోన్లో గూడా చేయల్లా?" అని వాళ్లమ్మ, అంటే మా తోటికోడలు, నవ్వింది.

"ఇండ్ల వాన టయానికి పడతాది మా" అంది ఆ పిల్ల, తలెత్తకుండానే.

మా తోటికోడలి నవ్వు ఆగిపోయింది. నాకూ మాట తోచలేదు.

ఈ ఆటలో ఒక విశేషం ఉంది. డబ్బాలో ఆడితే ఆటలోని రోజు ముగిసి నిద్రపోతే గానీ చేసిన పని దాచుకోవడం కుదరదు. ఫోనుకి తెచ్చినప్పుడు మాత్రం ఎప్పుడు పక్కన పెట్టినా చేసిన పని పోకుండా ఏర్పాటు చేశారు. అమ్మ పిలిచినా, ఫోన్ మోగినా, కరెంటు పోయినా సరే. కొన్ని వందలు పెట్టి ఒక్కసారి కొంటే మళ్లీ ప్రకటనల గోల లేదు, అది కొను ఇది కొను అనే పోరు లేదు. అన్నయ్యే కొనిపెట్టాడట. ఏ పనికైనా చిన్న చిన్న ముక్కలుగా తప్ప సమయం దొరకని ఆడవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? మనం చదివే సీరియల్ నవలలూ అంతే కదా, కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య ఇమిడితేనే మన దాకా వస్తాయి.

చీరల సంగతి చెబితే ఇంకా బాగా తెలుస్తుందేమో. ఎమ్మిగనూరు నేతకి పేరున్న ఊరు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టి ఎన్నో మగ్గాలు నిలబెట్టారు. పోచంపల్లి ఇకత్ నూలుకే ముందు రంగులద్ది తర్వాత నేస్తారు. ఆ డిజైనునే మిల్లు గుడ్డ మీద అచ్చేసి బజార్లో అమ్ముతారు. తిరగేసి చూస్తే వెలవెలబోతూ తెలిసిపోతుంది. అచ్చు చీరని పోచంపల్లి అని అమ్మితే అది మోసమే, నేతగాడి నోట్లో మన్ను కొట్టడమే. కానీ వేలు పోయలేని ఇల్లాలు అచ్చుదని తెలిసే కొని, ముచ్చటగా కట్టుకుని పేరంటానికి వస్తే, "నీది చీరే కాదు" అనగలమా? అనకూడదు గదా.

అందుకని నా తీర్పు ఇది. డబ్బా ఆటలు ఫోనులోకి రావలసిందే. రాకపోతే అవి కొద్దిమంది ఇళ్ల ముందుగదుల్లోనే ఉండిపోతాయి. అయితే వచ్చేటప్పుడు వేలికి తగ్గట్టు మారి రావాలి, పిలిస్తే ఆగడం తెలియాలి, మామూలు ఫోనులో నడవాలి. ఈ మూడూ ఉంటే అది అసలు ఆటే, ఎక్కడ పుడితేనేం? మూడూ లేనిదాన్ని, ఎంత పెద్ద కంపెనీ దింపినా, డబ్బాకే వదిలేద్దాం.

బెంగళూరు వాడు ఒప్పుకోలేదు లెండి. ఇంజనీరింగు చదివేవాళ్లు అంత తొందరగా ఒప్పుకోరు. కానీ వెళ్లేముందు ఆ పిల్లని పిలిచి, ఈసారి వచ్చినప్పుడు మొదటి చేతిపట్టు నీదే అని మాటిచ్చాడు. ఆ పిల్ల సరేనంది గానీ, ఫోను మాత్రం వాళ్లమ్మకి ఇచ్చేయలేదు. దాని పొలంలో పంట కోతకొచ్చిందట!