వెళ్లొచ్చానని చెబితేనే పని అయినట్టు

వెల్లింగ్టన్ శివారు కొండల దగ్గర కారు దిగగానే నేనడిగిన మొదటి ప్రశ్నకు అందరూ నవ్వారు. పాములుంటాయా అని. న్యూజీలాండ్‌లో పాముల్లేవు. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూసే మనవాళ్లకు ఇది ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. మరి దేనికి భయపడాలని అడిగితే, ఎలుకల ట్రాప్‌లు చూడ్డానికి బయల్దేరిన మా వాలంటీర్ల జట్టును నడిపించే పెద్దావిడ వాగు వైపు చెయ్యి చూపించారు.

గబ్బిలాలు తప్ప, నేల మీద సొంత క్షీరదమంటూ ఒక్కటీ లేని దేశమిది. అందుకే కివి లాంటి పక్షులు ఎగరడమే మరిచిపోయి నేలలోనే గుడ్లు పెట్టుకున్నాయి. తర్వాత ఓడల్లో ఎలుకలొచ్చాయి. బొచ్చు వ్యాపారం కోసం ఆస్ట్రేలియా నుంచి పోసమ్‌లను తెచ్చారు. గొర్రెల మేత తినేస్తున్న కుందేళ్ల పని పడతాయని 1880ల్లో స్టోట్‌లను వదిలారు. చూడ్డానికి సన్నగా, మన ముంగిసలా ఉంటుంది స్టోట్. దానికి కుందేళ్లకంటే పక్షిపిల్లలు సులువుగా దొరికాయి. ఎలుకలు, పోసమ్‌లు, స్టోట్ జాతి జంతువులు 2050 నాటికి దేశంలో మిగలకూడదని 2016లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం సర్కారుదే కానీ, ట్రాప్‌లు చూసివచ్చే కాళ్లు చాలావరకు జీతం లేని వాలంటీర్లవి. 2022 నవంబరులో ఈ నగరం పడమటి కొండల మీదికి వందేళ్ల తర్వాత కివిలు తిరిగొచ్చాయంటే, దాని వెనక ఉన్నవి వేల కొద్దీ ట్రాప్‌లు.

కొత్తవాళ్లకు ముందు ట్రాప్ చూపిస్తారు. చెక్కపెట్టె, లోపల ‘డాక్ 200’ అనే స్ప్రింగు యంత్రం. పెద్దావిడ ఓ పుల్లతో మీటను తాకించారు. ఆ చప్పుడుకి నేను ఓ అడుగు వెనక్కి వేశాను. పుల్ల విరిగిపోయింది. దీనికంటే పెద్దదైన 250 రకానికి వేళ్లు చిక్కితే ఎముక మిగలదు. అందుకే ఎర పెట్టేటప్పుడు, చచ్చినదాన్ని తీసేటప్పుడు సేఫ్టీ క్లిప్ ఉండాల్సిందే. చెయ్యి లోపలికి పోకూడదు, పనంతా పుల్లతోనే. పిల్లలు తెరవకుండా మూతకు స్క్రూ బిగిస్తారు.

జట్టులో ఒక తెలుగాయన ఉన్నారు. గోదావరి డెల్టా పల్లె నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. “మా ఊళ్లో చేలల్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లండీ. పొద్దున్నే ఉత్త చేతుల్తోనే తీసేవాళ్లు. గ్లవుజులు ఎవరికి తెలుసు?” అన్నారు, తన చేతులకు రెండో జత తొడుక్కుంటూ. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. చేతి మీద చిన్న గీత చాలు, లోపలికి దారి దొరికినట్టే. నీళ్లు నిలిచిన వరిచేలో దిగే మన కూలీలకూ ఇదే గండం. అక్కడ గ్లవుజులిచ్చే నాథుడు లేడు, అంతే తేడా.

మేం వెళ్లింది ఫిబ్రవరి చివర. న్యూజీలాండ్‌లో ఎండాకాలం ముగిసే రోజులు, కందిరీగలకు మాంసం యావ ముదిరే కాలం. మూడో పెట్టెలో చచ్చిన ఎలుక మీద అవి ముసురుకున్నాయి. దాన్ని తెరవనివ్వలేదు. దారిలో ఓంగాఓంగా అనే ముళ్ల దురదగొండి మొక్కను దూరం నుంచే చూపించారు. 1961లో ఒక మనిషి ప్రాణం తీసిన మొక్క అది.

ఇవన్నీ కంటికి కనిపించేవి, కాబట్టి జాగ్రత్త దానంతటదే వస్తుంది. వాలంటీర్లను దెబ్బ తీసేది అలవాటు. రెండు వందలసార్లు దాటిన వాగే కదా అనుకునే అలవాటు. వలసపాలన రోజుల్లో నీట మునిగి చనిపోయేవాళ్లు ఎంతమందంటే, ఆ చావుకి ‘న్యూజీలాండ్ చావు’ అనే పేరే పడింది.

అందుకే ఈ జట్టుకి అసలైన కాపలాదారు అడవిలో ఉండరు. ఇంట్లో కూర్చుని ఉంటారు. ఎవరు ఏ దారిన వెళ్లారు, ఎన్నింటికి తిరిగిరావాలి అన్నది ఆయన దగ్గర రాసి ఉంటుంది. గడువు దాటితే ఫోను, ఫోను కలవకపోతే అత్యవసర నంబరు 111కి కబురు. సిగ్నల్ అందని లోయల్లో వెళ్లేవాళ్ల నడుముకి బీకన్ కడతారు. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి సమాచారం పోతుంది. మన ఇళ్లలో గడప దాటేవాళ్లు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. వీళ్లు దానికి ‘వెళ్లొచ్చాను’ని కూడా జోడించారు. ఆ మెసేజ్ పెట్టేదాకా పని అయినట్టు కాదు.

చట్టం బలవంతమేమీ లేదు. 2015 నాటి పని భద్రతా చట్టం, జీతగాడు ఒక్కడూ లేని స్వచ్ఛంద సంఘాల మీద ఈ జాగ్రత్తల బాధ్యత పెట్టదు. ఒక్కరిని ఉద్యోగంలోకి తీసుకుంటే మాత్రం కథ మారుతుంది. ఈ జట్టులో జీతగాళ్లు లేరు. అయినా జాగ్రత్తలు రాసుకున్న కాగితాలన్నీ ఉన్నాయి, మడతలు పడి, మట్టి అంటి, వాడకంలో ఉన్నట్టు కనిపిస్తూ.

మేం వెళ్లిన రోజు పదకొండింటికి జల్లు పడింది. వాగు నీళ్లు రంగు మారాయి. అవతల ఇంకా నాలుగు పెట్టెలున్నాయి. దాటేద్దామని తెలుగాయనా, నేనూ అనుకుంటుండగానే పెద్దావిడ వెనక్కి తిరిగారు. చర్చ లేదు. ఆ రోజు దొరికింది రెండు ఎలుకలు, హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు ఒకటి. కారు దగ్గర ఆమె ముందు మెసేజ్ పెట్టి, తర్వాతే బూట్లు విప్పారు.

రెండు రోజుల తర్వాత ఇంకొకరు వెళ్లి ఆ నాలుగు పెట్టెలూ చూశారు. నాలుగూ ఖాళీ.