నేనే పెట్టుకున్న పేరు గ్యాస్

2005 దీపావళి నుంచి మరుసటి హోలీ దాకా నా కడుపునొప్పికి నేను పెట్టుకున్న పేరు గ్యాస్. డాక్టరు చెప్పలేదు, ఎవరూ పరీక్ష చేయలేదు. నేనే పెట్టుకున్నాను. పేరు దొరికింది కాబట్టి ఇక వెతకాల్సింది ఏమీ లేదనుకున్నాను.

అసలు సంగతి ఆ ఏడాది జూలై 26 ముంబై వరదతో మొదలైంది. ఆ ఒక్కరోజే శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ధారావిలో మా గల్లీలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నేను బ్యాగులు కుట్టే కారఖానా కింది అంతస్తులో ఉండేది. కుట్టిన సరుకు, రెగ్జిన్ చుట్టలు అన్నీ బురదలో నానిపోయాయి. నీళ్లు తీశాక పోయిన సరుకంతా మళ్లీ కుట్టివ్వాలి. పొద్దున ఎనిమిదింటికి మిషన్ ముందు కూర్చుంటే రాత్రి పదకొండుకు లేచేవాళ్లం. నెల తిరగకుండానే నడుము పట్టేసింది. మందుల దుకాణంలో అడిగితే ఒక గోలీ ఇచ్చారు. అరగంటలో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఇంకేం, పట్టీలకు పట్టీలు కొని మిషన్ సొరుగులో పెట్టుకున్నాను. పొద్దున ఖాళీ కడుపున చాయ్‌తో ఒకటి, రాత్రి ఒకటి. పని ఎక్కువున్న రోజు మధ్యాహ్నం కూడా.

దీపావళి నాటికి కడుపులో మంట మొదలైంది. బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద, వేలు పెట్టి చూపించగలిగేంత చోటు. రాత్రి రెండింటికి ఎవరో తట్టి లేపినట్టు లేపేది. చీకట్లో డబ్బా తడుముకుని పావ్ ముక్క తింటే కాసేపటికి సద్దుమణిగేది. తింటే తగ్గుతోంది కదా, అయితే గ్యాసే అనుకున్నాను. గ్యాస్ పొడి నీళ్లలో కలుపుకుని తాగితే త్రేన్పు వచ్చేది. త్రేన్పు వచ్చింది కదా, అయితే గ్యాసే. కామాఠిపురలో ఉండే మా పెద్దమ్మ వాము, నల్లుప్పు వేయించి సీసాకెత్తి పంపింది. తెలంగాణ నుంచి ఇళ్లు కట్టే పనికొచ్చిన మన కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చింది. తరాలుగా అక్కడ ఎవరికి కడుపు నొచ్చినా ముందు వచ్చేది ఆ సీసాయే. నాకు వాము కూడా పనిచేసింది, ఓ గంటసేపు.

నా భార్య మాత్రం ఒప్పుకోలేదు. “నాలుగు నెలల సంది గ్యాసేందయ్యా? నిచ్చెనెక్కితే ఆయాసపడుతున్నవ్. ముఖం సున్నం గొట్టినట్టున్నది” అనేది. మా ఖోలీకి ఇనుప నిచ్చెన ఎక్కి వెళ్లాలి. దవాఖానకు పోతే ఒక రోజు కూలి పోతుందని నేను దాటవేసేవాణ్ణి. హోలీకి రెండు రోజుల ముందు ఆ నిచ్చెన మధ్యలోనే కళ్లు తిరిగాయి. కింద నీళ్లు పట్టుకుంటున్న పక్కింటి కుర్రాడు పట్టుకోకపోతే ఏమయ్యేదో.

సయన్ ఆసుపత్రిలో డాక్టరమ్మతో కూడా “గ్యాస్ మేడమ్” అనే అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నొప్పి ఎక్కడ? కుడి పక్కటెముకల కింద మొదలై భుజం వెనక్కి పాకుతుందా? నూనె వంట తిన్నాక వస్తుందా? నడుము పక్క నుంచి గజ్జల్లోకి దిగుతుందా? సాయంత్రాలు జ్వరం వస్తుందా, బరువు తగ్గావా? ఇన్ని ఎందుకు అడుగుతున్నారో నాకప్పుడు తెలియలేదు. నొప్పి ఎక్కడని అడిగాక వచ్చిన మొదటి రెండూ పిత్తాశయంలో రాళ్ల కోసం, మూడోది మూత్రపిండాల్లో రాళ్ల కోసం, చివరిది పేగు టీబీ కోసం. ఒక్కో ప్రశ్నతో ఒక్కో జబ్బును పక్కన పెడుతూ వస్తున్నారు. ఆ తర్వాత అడిగారు: “దొడ్డికి ఏ రంగులో పోతుంది?”

నా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలలుగా నేను చూడలేదు. మా గల్లీ సండాసుకు తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లేవాణ్ణి, ఆ తర్వాతయితే వరస పెరుగుతుందని. లోపల బల్బు ఉండదు. బయట ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు. డబ్బా నీళ్లు పోసి బయటపడటమే.

“రేపు చూసి రా. ఇంట్లో నువ్వు వేసుకునే మందులన్నీ తీసుకురా” అన్నారు.

మర్నాడు టార్చి పట్టుకుని వెళ్లాను. వెలుతురు కిందికి తిప్పాను. రోడ్డుకు పోసే తారులా ఉంది. నల్లగా, జిగటగా, మెరుస్తూ. బయట తలుపు కొడుతున్నారు, నేను కదల్లేదు. అది రక్తమని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. రోజూ కొంచెం కొంచెంగా నేను కారిపోతున్నాను, రోజూ దాని మీద నీళ్లు పోసి వస్తున్నాను. భార్య మాట, ఆయాసం, తెల్లబడ్డ గోళ్లు, అన్నీ ఆ టార్చి వెలుతురులోనే ఒకచోటికి వచ్చాయి.

ఆసుపత్రికి నేను తీసుకెళ్లింది గ్యాస్ పొడి, వాము సీసా. కడుపు మందులు అవే కదా. నా భార్య సంచిలోంచి ఇంకో పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ముందురోజే కారఖానాకు వెళ్లి సొరుగు ఖాళీ చేయించుకుని వచ్చిందట. నడుము గోలీల పట్టీలు, చాలావరకు ఖాళీవి. డాక్టరమ్మ మిగతావి పక్కకు జరిపి వాటినే చేతిలోకి తీసుకున్నారు. నడుముకు వేసుకున్న గోలీకి కడుపుతో ఏం పనని అడిగాను. కడుపు లోపలి గోడను దానిలోని ఆమ్లం నుంచి కాపాడే జిగురు పొర ఒకటుంటుంది, నొప్పిని ఆపే ఆ మందే ఆ పొర తయారీనీ ఆపుతుందని చెప్పారు.

దుర్బీన్ (ఎండోస్కోపీ) వేసి చూస్తే చిన్నపేగు మొదట్లో పుండు. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి కూడా బయటపడింది. ఆ క్రిమి పుండ్లు పుట్టిస్తుందని ఎవరూ నమ్మకపోతే, బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాన్ని తనే తాగి కడుపు పాడుచేసుకున్నాడు. వరద వచ్చిన ఆ 2005లోనే ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ నోబెల్ ఇచ్చారు. ఆ క్రిమి, ఆ గోలీలు రెండూ కలిస్తే పుండు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నాకు హిమోగ్లోబిన్ ఏడుకు దిగింది. రక్తం ఎక్కించారు. పద్నాలుగు రోజులు క్రిమి మందులు, ఆపైన ఆమ్లం తగ్గించే మందు. గోలీలు బంద్.

పక్క మంచం మీద మన పాలమూరు పెద్దాయన ఉండేవాడు. ఆయనా గ్యాస్ అనుకునే వచ్చాడు. కడుపు ఉబ్బడం, గుడగుడమనడం, సాయంత్రం జ్వరం. ఆయనది పేగు టీబీ అని తేలింది. ఆరు నెలల మందు. మా ఇద్దరిళ్లలోనూ ఒకే పొడి, ఒకే వాము. మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి.

ఇంటికొచ్చాక నడుము నొప్పి మళ్లీ మొదలైంది, ఈసారి గోలీ లేదు. నా భార్య కారఖానాకు వచ్చి నేను కుట్టేటప్పుడు పక్కన నిలబడి చూసింది. “మిషన్ గంత ఎత్తున్నది, స్టూలేమో గింత కిందికున్నది. వంగి వంగి నడుము నొయ్యక ఏం జేస్తది?” అంది. బయటికి పోయి నాలుగు ఇటుకలు తెచ్చి స్టూలు కాళ్ల కింద కాలికొకటి పెట్టింది.

ఎక్కి కూర్చుంటే వీపు నిటారుగా నిలిచింది.