మచ్చ చల్లారగానే మాత్ర మానేస్తే

"తగ్గిపోయిందని ఆపేశానండీ." చర్మవైద్యుణ్ణి కాబట్టి ఈ మాట నాకు రోజూ వినబడుతుంది. తామర వచ్చినవాళ్లు అంటే కసురుకుని మళ్లీ మందు రాస్తాను, తగ్గుతుంది. చర్మ లూపస్ ఉన్నవాళ్లు అంటే మాత్రం కోపం కన్నా ముందు దిగులు పుడుతుంది. దానివల్ల ఒకసారి మచ్చ కట్టిన చోట పాత చర్మం తిరిగి రాదు.

పల్నాడు నుంచి ఒకామె వచ్చింది, మిరపకాయల కోతకు వెళ్లే కూలీ. చెంపల మీద గుండ్రటి మచ్చలు, అంచు నల్లగా, నడుమ తెల్లగా. ఊళ్లో కొందరు బొల్లి అన్నారట, కొందరు కుష్ఠేమోనని పక్కన కూర్చోవడమే మానేశారట. చెవి వంచి చూశాను. చర్మ లూపస్‌లో ఒక రకమైన డిస్కాయిడ్ లూపస్ చాలామందికి చెవి గుంటలో బయటపడుతుంది. అక్కడ వెంట్రుక కుదుళ్లలో పొట్టు గట్టిగా బిగుసుకుని ఉంది. అలాంటి పొట్టును ఊడదీస్తే అడుగున సన్నటి ముళ్లు కనబడతాయి. పాపిట పక్కన జుట్టు రాలి, చర్మం నున్నగా మెరుస్తోంది. అక్కడ ఇక వెంట్రుక మొలవదు.

ఇది అంటురోగం కాదు, పాపమూ శాపమూ కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి సొంత చర్మం మీద పడుతుంది. ఎండ దాన్ని రెచ్చగొడుతుంది, పొగతాగడం ఇంకా ముదరబెడుతుంది. కొందరిలో కీళ్లకూ మూత్రపిండాలకూ పాకుతుంది కాబట్టి రక్తం, మూత్రం చూస్తూ ఉండాలి. బయాప్సీ చేశాం, అదేనని తేలింది. మచ్చల మీద కొన్నాళ్లు స్టెరాయిడ్ పూత, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర. సన్‌స్క్రీన్ కొనమని రాశాను గానీ ఆమె కూలి డబ్బులకు అది భారమే. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని కోతకు వెళ్లే అలవాటు ఎలాగూ ఉంది. దానికి తోడు ముఖం కప్పేలా తలగుడ్డ, అంచు వెడల్పు టోపీ పెట్టుకోమన్నాను.

కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. ముక్కు మీద కొత్త మచ్చ. మందుల షాపులో ఎవరో "ఇది మలేరియా బిళ్ల, నీకెందుకు? కళ్లు పోతాయి" అన్నారట. ఆ ఒక్క మాటతో మాత్ర ఆగిపోయింది. ఆమెను ఏమని తిట్టను? కళ్లంటే ఎవరికి భయం ఉండదు?

అవును, అది మలేరియా మందే. 1894లోనే లండన్‌లో పేన్ అనే వైద్యుడు ఈ జబ్బుకు క్వినైన్ వాడి చూశాడు. ఈ కుటుంబం మందులు లూపస్‌కు అప్పటినుంచీ తోడుగా ఉన్నాయి. కంటి మాట కూడా ఉత్త పుకారు కాదు. అందుకే కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటనివ్వం. మొదట్లో ఒకసారి, 5 ఏళ్లు దాటాక ఏటేటా కంటి పరీక్ష చేయిస్తాం, మూత్రపిండాల జబ్బు ఉంటే ఇంకా ముందే. ఇంత జాగ్రత్త ఉన్న మందును భయంతో మానేస్తున్నారు. 2020లో కరోనా వేళ అవసరం లేనివాళ్లు ఇదే మందును కొని దాచుకుంటే, నా పేషెంట్లు చీటీ పట్టుకుని షాపు షాపూ తిరిగారు.

మాత్ర పని మొదలుపెట్టడానికే రెండు మూడు నెలలు పడుతుంది. పది రోజులకే గుణం లేదని కొందరు ఆపేస్తారు, గుణం కనబడగానే కొందరు ఆపేస్తారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కొత్త పెళ్లికూతుళ్ల సంగతి. ఒకమ్మాయి అత్తగారింట్లో మాత్రలు చీర మడతల్లో దాచుకుంది. నెల తప్పగానే బిడ్డకు హాని అని మానేసింది. అసలు గర్భంలోనూ కొనసాగించాల్సిన మందు ఇది. ఆపితేనే జబ్బు తిరగబెట్టే ప్రమాదం. భర్తను వెంటబెట్టుకు రమ్మన్నాను. వచ్చాడు, "నాకూ అంటుకుంటుందా సార్?" అని అడిగాడు. అంటుకోదయ్యా అని చెప్పి, చీటీ అతని చేతికే ఇచ్చాను. రోజూ అన్నం తిన్నాక ఆ మాత్ర వేయించే పని నీదేనన్నాను.