ఇంట్లో కూడా మెడపట్టీయేనా?

సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చినప్పటినుండి ఒక ప్రశ్న నన్ను వదలటం లేదు. పైకి చెప్పుకోవటానికి కాస్త సిగ్గుపడవలసినంత చిన్న ప్రశ్న. ఇంట్లో తిరిగే బుల్లి కుక్కకు మెడపట్టీ ఉండాలా, అక్కరలేదా? లోకంలో ఇన్ని చిక్కులుండగా ఇదొక చిక్కా అని మీరు నవ్వవచ్చు. మొదట నేనూ అట్లాగే నవ్వాను. కానీ కోడిపోరుతో యుద్ధం తెచ్చుకొన్న సీమ మాది. కుక్క మెడపట్టీ దగ్గర తల్లీకొడుకులు రెండు రోజులు మాట పట్టింపుకు పోవటంలో వింత ఏమున్నది!

మా ఊరు అచ్చంపేట. ఆ పేరు వినగానే నల్లమల అంచున, నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న అచ్చంపేట అనుకొనేవారే ఎక్కువ. మాది అది కాదు. కృష్ణకు చేరువగా ఉన్న పల్నాటి అచ్చంపేట. మాదిపాడు రేవులో నిలబడి చూస్తే అవతలి ఒడ్డున ముక్త్యాల. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లా అని వ్రాసుకొనేవాళ్ళం. ఇప్పుడు చిరునామాలో జిల్లా పేరు మారింది. మిరప చేలు, పత్తి చేలు, అరుగుల మీద కబుర్లు, పగటిపూట గడియ పడని గేట్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆ గడియ పడని గేట్ల సంగతి గుర్తుంచుకోండి, దానితో పని ఉన్నది.

నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నది. హైదరాబాదు రమ్మంటే రాదు. అందుకని తోడుగా ఉంటుందని నేనే ఒక కుక్కపిల్లను తీసుకువెళ్ళి ఇచ్చాను. అమ్మినవాడు పామరేనియన్ అన్నాడు. మా ఊళ్ళో దాని జాతి బొచ్చుకుక్క. పేరు జూలీ. తూకం నాలుగు కిలోలకు మించదు. మెడలో ఎర్రటి తోలు బెల్టు, ఆ బెల్టుకు దారంతో కట్టిన ఇత్తడి మువ్వ. ఒకప్పుడు మా ఎడ్లకు కట్టిన మువ్వలపట్టెడలోనిది ఆ మువ్వ. ఎడ్లు ఎప్పుడో పోయాయి, పట్టెడ తెగిపోయింది, ఒక్క మువ్వ మిగిలింది. అమ్మ ఏదో ముచ్చటపడి కట్టుకొన్నదనుకొన్నాను.

భోగినాడు ఉదయం జూలీ దగ్గటం మొదలుపెట్టింది. పాలవాడిని చూసి గేటు వైపు ఉరికింది. అమ్మ గొలుసు పట్టుకొని వెనక్కు లాగింది. అంతే, బాతు అరిచినట్లు ఒకటే దగ్గు. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు మెడ నిమిరి చూసి, “దీనికి మెడ పట్టుకొని లాగకూడదండీ, చిన్నజాతి కదా” అన్నారు. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని బెల్టు ఊడదీసి చిలక్కొయ్యకు తగిలించటం.

“అదెందుకు తీశావురా?” అన్నది అమ్మ.

“ఇంట్లో ఉండేదానికి బెల్టెందుకమ్మా?”

“ఉంటే నీకేం అడ్డమొచ్చింది?”

అక్కడితో ఆగింది. ఇక నా చదువు మొదలయింది.

డాక్టరుగారు చెప్పినదానిలో శాస్త్రం ఉన్నది. గాలిగొట్టాన్ని మూసుకుపోకుండా నిలబెట్టేవి మృదులాస్థి కమ్మెలు. పూర్తి వలయాలు కావు, ఒక పక్క తెరచి ఉన్న గాజుల వంటివి. పామరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా వంటి చిన్నజాతుల్లో కొన్నింటికి ఇవి క్రమంగా మెత్తబడి, గొట్టం అణగిపోతుంది. ఈ బలహీనత బెల్టు వలన వచ్చేది కాదు, ఒంట్లోనే ఉండేది. కానీ ఉన్న బలహీనత మీద బెల్టు ఒత్తిడి పడితే దగ్గు లేస్తుంది. ఇది మెడతో పోయేది కూడా కాదు. మెడపట్టీని లాగితే కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందనీ, రొమ్ముకు కట్టే పట్టీతో లాగితే అట్లా పెరగటం లేదనీ 2006లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

లాగటం మాట అటుంచి, ఊరకే వేసి ఉంచినా కొన్ని ఇబ్బందులున్నాయి. బొచ్చు రాసుకుపోయి అట్టకడుతుంది. స్నానం చేయించిన తరువాత తడి పట్టీ కింద చర్మం ఒరిసి పుండవుతుంది. పిడుదులు దాక్కోవటానికి అంతకంటే మంచి చోటు లేదు. మంచం కోడుకో, గేటు ఊచకో తగులుకొంటే, చూసేవాళ్ళు లేనప్పుడు అదే ఉరి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. ఆ ఎండలు మా ఊరినీ వదలవు. అటువంటి వేసవిలో ఒళ్ళంతా బొచ్చున్న జీవికి మెడ చుట్టూ తోలు అదనపు శిక్ష. ఇక మువ్వ సంగతి. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల దాకానే వినపడుతుంది, కుక్క చెవికి సుమారు 45 వేల దాకా. మనకు ముద్దుగా వినిపించే గలగల దాని గొంతు కిందే పగలూ రేయీ మ్రోగుతూ ఉంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇవన్నీ అమ్మకు చెప్పాను. పరీక్షకు చదివిన కుర్రవాడిలాగా వరుస తప్పకుండా చెప్పాను. అమ్మ చిక్కుళ్ళు ఒలుచుకొంటూ విన్నది. “అయితే ఇన్నాళ్ళూ నేను దాన్ని చంపుతున్నానన్నమాట” అని మాత్రం అన్నది.

పక్కింటి పిన్ని అమ్మ తరఫున వాదించింది. “ఏంది నాయనా, బెల్టు లేకపోతే అది ఎవరిదో ఎట్టా తెలుస్తది? గేటు దాటిందంటే ఊరకుక్కల్లో కలిసినట్టే. పిల్లలు రాళ్ళేస్తారు.” ఇందులోని సత్యాన్ని కాదనలేకపోయాను. హైదరాబాదులో మేముండేది మూడో అంతస్తు. అక్కడ ఇల్లంటే నాలుగు గోడలు, ఒక తలుపు. ఆ తలుపు మూస్తే కుక్క ఎవరిదో ఎవరికీ చెప్పవలసిన పని లేదు. అచ్చంపేటలో ఇల్లంటే వసారా, వాకిలి, అరుగు, ఎదురింటి వేపచెట్టు నీడ కూడా. పిలవకుండా వచ్చేవాళ్ళు పదిమంది, గేటు తీసి వేయకుండా పోయేవాళ్ళు ఎనిమిదిమంది. అక్కడ ‘ఇంట్లో ఉన్నది’ అన్న మాటకు, ‘ఇప్పటికింకా వీధిలోకి పోలేదు’ అనే అర్థం.

ఆ రాత్రి నిద్ర పట్టక, మన భాషలో జంతువుల మెడకు ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టుకొంటూ పడుకొన్నాను. ఆవును కట్టే తాడు పలుపు. ఎద్దు మెడలోది పట్టెడ. చేలమీద పడే పొగరుబోతు గొడ్డు మెడకు వేలాడదీసే దుంగ గుదిబండ. పలుపు కదలనీయదు, గుదిబండ పరుగెత్తనీయదు, పట్టెడ మాత్రం అలంకారం. మా నాన్నగారు కనుమనాడు కొత్త పలుపులు, పట్టెడలు వేర్వేరుగా తెచ్చేవారు. రెండూ ఒకటేనని ఆయన ఏనాడూ అనుకోలేదు. కుక్క దగ్గరకు వచ్చేసరికి మనం మూడింటినీ కలిపి ఒక్క బెల్టు చేశాము. ఊరివాళ్ళకు గుర్తూ అదే, గొలుసు తగిలించే కొక్కెమూ అదే, మన ముచ్చటా అదే. మెడకు చేటు చేసేది ఆ గుర్తు కాదు, దానికి తగిలించిన గొలుసు.

చట్టం కూడా ఆ గొలుసు వైపే చూస్తుంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టం 11వ సెక్షను ప్రకారం, మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో జంతువును అకారణంగా చాలాసేపు కట్టివేయటం నేరం. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను కాస్త తిప్పకపోవటమూ నేరమే. పట్టీని గురించి అక్కడ అభ్యంతరం లేదు. గుర్తు అన్నది ఎంత అవసరమో చెప్పటానికి వీధికుక్కలే సాక్ష్యం. 2001లో వచ్చిన కుక్కల జనన నియంత్రణ నిబంధనలలోనూ, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్త నిబంధనలలోనూ, శస్త్రచికిత్స చేసి టీకా వేసిన కుక్కను గుర్తుపట్టటానికి చెవి అంచు కత్తిరించే ఏర్పాటు ఉన్నది. మెడలో పట్టీ వేసే యజమాని లేని జీవికి చెవి మీద వేసిన గుర్తు అది. దాన్ని చూసి, జూలీకి పట్టీ తప్పించటమే దయ అని నేను వాదించటం కొంచెం సుఖవంతుల వాదమేమోననిపించింది.

అయినా నేను లొంగలేదు. పల్నాటివాడిని కదా! గేటుకు గడియ వేస్తే సరిపోతుందని తేల్చాను. రెండు రోజులు గడియ వేస్తూ, జూలీ బోసిమెడతో తిరుగుతూ ఉంటే చూసి మురిసిపోయాను. దాని దగ్గు కూడా తగ్గింది.

కనుమనాడు సాయంత్రం అమ్మ వంటింట్లో అన్నం వార్చి, వేడి గంజి గిన్నె రెండు చేతులా పట్టుకొని పెరటి గుమ్మం వైపు నడిచింది. జూలీ గుమ్మానికి అడ్డంగా పడుకొని ఉన్నది. తెల్లని గచ్చు, తెల్లని కుక్క. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అమ్మ కాలు దాని మీద పడబోతుండగా “అమ్మా!” అని కేక వేశాను. జూలీ ఉలిక్కిపడి లేచింది, అమ్మ తూలి గోడకు ఆనుకొన్నది, గంజి సగం నేలపాలయింది. అదృష్టం కొద్దీ ఎవరి మీదా పడలేదు.

గిన్నె నేను అందుకొన్నాను. అమ్మ చేతులు వణుకుతున్నాయి.

“కనపడలేదా అమ్మా?”

చాలాసేపు జవాబు లేదు. తరువాత, “మువ్వ ఉంటే తెలిసేది” అన్నది.

అప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమయింది. ఒక కంటికి శుక్లం తీయించి నాలుగేళ్ళయింది. రెండో కన్ను బాగానే ఉన్నదని ప్రతి ఫోనులోనూ చెప్పేది. బాగా లేదు. సందె చీకటిలో తెల్లకుక్క ఆమెకు గచ్చులో కలిసిపోతున్నది. అది ఎక్కడ పడుకొన్నదో, ఎప్పుడు కాళ్ళ దగ్గరకు వచ్చిందో చెవులతో చూస్తున్నది. చూపు తగ్గిందని చెబితే ఆపరేషను పేరుతో హైదరాబాదు తీసుకువెళతానని, తీసుకువెళితే ఇక తిరిగి పంపనని ఆమె భయం. ఆ భయం అన్యాయమైనదని నేను అనలేను. నా మనసులో ఉన్నదీ అదే. నేను చిలక్కొయ్యకు తగిలించినది కుక్క బెల్టు అనుకొన్నాను. నిజానికి అమ్మ ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటానికి పట్టుకొని నడుస్తున్న చేతికర్రను తీసి తగిలించాను.

అంతమాత్రాన నేను చదివినదంతా అబద్ధం కాదు. జూలీ గాలిగొట్టం అమ్మ కన్ను కోసం గట్టిపడదు కదా. కాబట్టి మరునాడు ఇద్దరం కూర్చొని రాజీకి వచ్చాము. తోలు బెల్టు పోయింది. సన్నని మెత్తటి గుడ్డపట్టీ కుట్టించి, టిచ్ బటన్ పెట్టించాము. ఎక్కడైనా తగులుకొంటే అదే ఊడిపోతుంది. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పట్టీ లోపలివైపు మా ఫోను నంబరు దారంతో కుట్టించాము. మువ్వ యథాస్థానంలోకి వచ్చింది, కాకపోతే లోపల కాస్త దూది కూరి మ్రోత తగ్గించాము. గొలుసు ఇక ఏనాడూ ఆ పట్టీకి తగిలించరాదు. బయటకు తిప్పటానికి రొమ్ముపట్టీ హైదరాబాదు నుండి పంపాను. స్నానమప్పుడు పట్టీ తీయాలి, బాగా ఆరిన తరువాత వేయాలి.

ఇంకొక నియమం అమ్మే పెట్టింది. తాను మంచం మీద కూర్చుంటే పట్టీ తీసివేస్తుంది, లేచేముందు వేస్తుంది. కూర్చున్నంతసేపు కాళ్ళకు అడ్డం రాదు కనుక జూలీకి విశ్రాంతి, లేచి తిరిగేటప్పుడు అమ్మకు ధైర్యం. నేను చదివిన వాటిలో ఎక్కడా ఇంత సూటి ఏర్పాటు కనపడలేదు.

రెండో కంటి ఆపరేషను నరసరావుపేటలో చేయించుకొంటానని ఒప్పుకొన్నది. అప్పుడు నేనే సెలవు పెట్టి వెళ్ళి పది రోజులు అచ్చంపేటలో ఉండాలి, హైదరాబాదు మాట ఎత్తకూడదు. మిరపకోతలు అయిన తరువాత అని ముహూర్తం పెట్టింది. ఆమెకు మిరప చేను లేదు, కౌలుకు ఇచ్చి ఆరేళ్ళయింది. అయినా సరేనన్నాను.

కాబట్టి నా ప్రశ్నకు నా వరకు దొరికిన జవాబు ఇది. గడియ పడే ఇంట్లో, చూపున్న మనుషుల మధ్య, బుల్లి కుక్క మెడను బోసిగా వదలటమే మంచిది. గడియ పడని ఇంట్లో ఒక తేలికపాటి గుర్తు ఉండాలి. ఏ ఇంట్లోనైనా మెడను పట్టుకొని లాగకూడదు. ఇక తీసేముందు, అది అక్కడ ఎందుకున్నదో కట్టినవాళ్ళను ఒకసారి అడగాలి. మీ ఇళ్ళలో ఎట్లా చేస్తున్నారో తెలిస్తే నేర్చుకోవాలని ఉన్నది.

నిన్న రాత్రి అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే మధ్యలో మువ్వ మెల్లగా మ్రోగింది. అమ్మ మంచం దిగుతున్నదన్నమాట.